కుప్ప పోసిన రోజు

పెనుకొండ,
5 మే 1999.

రూతక్కకు నాగమణి నమస్కారాలు.

మోకాలు ఎలా ఉంది? డాక్టరు కట్టు విప్పాడా? మీరు బస్సు దిగుతూ పడ్డారు, నేను మీ క్యాంపులో పడ్డాను. ధర్మవరంలో మీ తమ్ముడింట్లో మంచం మీదున్నారని జాలిపడాల్సింది పోయి, అదృష్టవంతురాలు అనుకుంటున్నాను. తప్పయితే మన్నించండి.

పదో తరగతికి వెళ్ళే ఆడపిల్లలకు ప్రతి ఎండాకాలం లెక్కలు చెప్పే పని మీరు ఎలా చేశారో నాకు అంతుపట్టడం లేదు. కరెంటు ఉండదు. ఉంటే ఫ్యాను వేడిగాలి విసురుతుంది. పేరిచ్చిన వాళ్ళలో సగం మంది కూడా రావడం లేదు. ఇంటింటికీ వెళ్ళి అడిగాను. అందరిదీ ఒకటే జవాబు, వేరుశనగ విత్తనం కాయలు వలుస్తున్నారట. మిషన్లో వేస్తే గింజ పగిలిపోతుంది కాబట్టి చెనిక్కాయలు చేత్తోనే వలవాలి. వానలు పడేలోగా అవ్వాలి. ఆడపిల్లల చేతులకు ఇంతకన్నా ముఖ్యమైన పని ఈ నెలలో లేదట.

మీకు ఇష్టమైన గంగరత్న కూడా రావడం లేదు. కొండ కింద పల్లెలో రైతు నాగప్ప కూతురు, తల్లి లేని పిల్ల. వాళ్ళ అవ్వ ఈరక్క నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, "కాయలు వలిచేది అయిపోనీమ్మా, ఆమీట సూద్దాం" అంది. ఆమీట అంటే ఏమిటో నాకు తెలుసు. హిందూపురంలో మేనత్త మునెమ్మ ఊదుబత్తీలు చుడుతుంది. పిల్లను తన దగ్గరికి పంపమని పోయినేడు నుంచే అడుగుతోంది. పదిలో లెక్కలు తప్పే పిల్లను చదివించి ఏం లాభమని నాగప్ప ఆలోచిస్తున్నాడు. ఆ పిల్ల లెక్కలు తప్పే రకం కాదని ఆయనకు చెప్పేవాళ్ళు లేరు.

క్యాంపు మూసేయమంటారా? జూన్లో మీరు రాగానే తాళంచెవి మీ చేతిలో పెట్టేసి నేను హాయిగా నిద్రపోతాను.

మీ
నాగమణి


ధర్మవరం,
9 మే 1999.

నాగమణికి,

మూసేశావంటే నీ ముఖం చూడను. మోకాలి సంగతి అడగొద్దు. పక్కింట్లో, ఎదురింట్లో మగ్గాల చప్పుడు. ఆదివారం ఒక్కరోజే చెవులకు సెలవు, ఆరోజు చర్చిలో మైకు.

పిల్లలు కాయలు వలుస్తున్నారని రాశావు. వలవనీ. కాయలను వదిలి రమ్మంటే ఎలా వస్తారు? కాయలనే తీసుకుని రమ్మను. వలిచేది వేళ్ళు, లెక్క చెప్పేది నోరు. రెండింటికీ గొడవ ఏముంది? మన బడి పడమటి వరండాలో మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది. పెద్ద టార్పాలిన్ పట్ట పరిపించు.

ఒక్క మాట గుర్తు పెట్టుకో. ఎవరి మూట వాళ్ళ ముందు పెట్టుకోనివ్వకు. పక్కదాని చేట ఎంత నిండిందా అని చూస్తూ కూర్చుంటారు, నీ మాట ఒక్కతీ వినదు. అన్నీ ఒక్క కుప్ప పోయించు. చుట్టూ కూర్చోబెట్టు. సాయంత్రం కొలిచి ఎవరి పాలు వాళ్ళకు ఇచ్చేయి. ఏడుపు ముఖం పెట్టకుండా రేపే పల్లెకు పో.

రూతమ్మ


పెనుకొండ,
23 మే 1999, ఆదివారం.

అక్కా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపేస్తే మళ్ళీ రాయలేను.

మీరు చెప్పినట్టే పల్లెకు పోయాను. అక్కడ ఎక్కువ పొలం ఉన్నది రాఘవేంద్రగారికి. పిల్లల్లో చాలామంది ఆయన కాయలే కూలికి వలుస్తున్నారు. ఆయన ఒప్పుకోవడమే కాదు, మూటలు తన ట్రాక్టర్లోనే పంపిస్తానన్నారు. టీచర్లు ఉచితంగా కాపలా ఉంటారంటే ఎవరు కాదంటారు? నిన్న పొద్దున ట్రాక్టరు వచ్చింది. మూటల మీద పిల్లలు. ఇన్నాళ్ళూ ముఖం చూపించని వాళ్ళంతా దిగారు. గంగరత్న కూడా తమ ఇంటి కాయలు రెండు గోనెసంచులు దింపుకుంది. ఎన్నాళ్ళకో నాకు నవ్వు వచ్చింది.

పట్ట పరిచి అన్నీ కుప్ప పోయమన్నాను. గంగరత్న తన సంచి మూతి పట్టుకుని నిలబడి, "టీచర్, మావి గూడానా?" అని అడిగింది. అన్నీ అన్నాను. పోసేసింది.

పొద్దంతా ఎంత బాగా జరిగిందో చెప్పలేను. నేను ఒక రాశి చెబితే చుట్టూ ఉన్నవాళ్ళు దాని వర్గం చెప్పాలి. ఒక పక్క టపటపా కాయలు పగులుతున్నాయి, ఒక పక్క ఏ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ. వేళ్ళు నొప్పి పుట్టినప్పుడు పళ్ళతో కొరకడం వీళ్ళకు అలవాటు. నోరు లెక్కకు కావాలి, కొరకొద్దు అన్నాను. గింజలు నోట్లో వేసుకున్నది ఎవరో జవాబు చెప్పేటప్పుడు తెలిసిపోతుంది కదా, అందరూ పడీపడీ నవ్వారు. పుస్తకం ముందు పెడితే బిక్కచచ్చిపోయే పిల్లలు కూడా నిన్న గొంతెత్తి చెప్పారు.

మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాక అందరికీ కునుకు. నాకు మరీ. నిద్ర వదిలించడానికి గణాంకాల పాఠం ఎత్తుకున్నాను. వలిచిన ప్రతి కాయలో ఎన్ని గింజలున్నాయో కేక వేసి చెప్పాలి, గంగరత్న బోర్డు మీద గీతలు గీయాలి. ఒకటి, రెండు, మూడు. ఏది ఎక్కువసార్లు వస్తే అది బాహుళకం. కాసేపటికి బోర్డు నిండింది. రెండు గింజల వరుస ఎంత పొడుగో, మూడు గింజల వరుస కూడా అంతే పొడుగు. గంగరత్న ముఖం వెలిగిపోయింది. "టీచర్, దీనికి రెండు బాహుళకాలుండాయి! పుస్తకంలో ఇట్లా లెక్క ల్యాదు" అంది. నేనే చప్పట్లు మొదలుపెట్టాను అక్కా. నా చేతులతో నేనే.

చప్పట్లు ఆగేలోగా పిల్ల చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నా వైపు తిరిగి మెల్లగా అంది.

"మా కాయల్లో మూడు గింజలవి ఉండవు టీచర్."

అప్పుడు కళ్ళు తెరిచాను. నాగప్పది నాటు విత్తనం, తాతల నాటి నుంచి ఇంట్లో దాచుకుంటూ వస్తున్నది. రాఘవేంద్రగారిది వ్యవసాయ ఆఫీసు నుంచి తెచ్చిన కొత్త జాతి. నాటుది ముందు కోతకు వస్తుంది, కొత్తది ఇరవై రోజులు వెనక. రెండూ ఒకే చేలో పడితే ఎప్పుడు పెరకాలి? ముందు పెరికితే కొత్తది తాలు. వెనక పెరికితే నాటుది భూమిలోనే మొలకెత్తిపోతుంది. మీరు పట్నంలో పెరిగారు, మీకు ఇవి తెలియకపోవచ్చు. నేను గాండ్లపెంటలో చెనిక్కాయల ఇంట్లో పుట్టాను. నాకు తెలుసు. అలసిపోయాను అక్కా. ఎవరో ఒకరు చెప్పింది చేసేసి ఇంటికి పోయి పడుకుందామనే తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, రెండు జాతులు కలుస్తున్నాయని తక్కిన పిల్లలకూ పొద్దున్నే కనిపించిందట. ఎందుకు చెప్పలేదే అంటే, "మీరే పొయ్యమంటిరి గదా టీచర్" అన్నారు. గంగరత్న ఒక్కతే చెప్పింది. చెప్పకుండా ఉంటే సాయంత్రం గింజలు కొలిచి ఇచ్చేసేదాన్ని. వలిచిన గింజల్లో చిన్నవాటిని చూసి ఏది ఏ జాతో చెప్పడం పెద్దవాళ్ళకే కష్టం.

రేపు నాగప్ప వస్తాడట. నాకు భయంగా ఉంది.

నాగమణి


ధర్మవరం,
27 మే 1999.

నాగమణికి,

ఉత్తరం అందింది. అయ్యిందేదో అయ్యింది. కూర్చుని ఏరితే ఏవి అవి విడిపోతాయి. పిల్లలున్నారు కదా. రైతులు రెండు రోజులు కేకలేస్తారు, తర్వాత సర్దుకుంటారు.

ఇక్కడ మా తమ్ముడి పిల్లలు మామిడిపండ్లు తిని కడుపునొప్పులు. నిన్న చిన్న వాన పడింది. ఎండ మాత్రం తగ్గలేదు. ఆరోగ్యం జాగ్రత్త.

రూతమ్మ


పెనుకొండ,
26 జూన్ 1999.

రూతమ్మగారికి,

ఆలస్యంగా రాస్తున్నాను. రాయడానికి మంచి మాట ఒక్కటీ లేదు.

నాగప్ప వచ్చాడు. కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. పట్ట అంచున గొంతుక్కూర్చుని గుప్పెడు గింజలు తీసి చూసి, "లెక్కలు నేర్పిస్తామంటిరి. రెండు మూటలు రెండుగా ఉంచేది తెలీకపాయనా మీకు" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

వలవని కాయలు విడదీయగలిగాం. వలిచినవి ఎంత ఏరినా పూర్తిగా విడిపోలేదు. పెద్ద గింజలు కొత్త జాతివని రాఘవేంద్రగారు తీసుకుపోయారు. ఆయన ఇంట్లో ఇంకా చాలా విత్తనం ఉంది కాబట్టి నొచ్చుకోలేదు. నాగప్పకు ఉన్నదే అది. ఇంకెక్కడా నాటుది దొరకలేదు. కలిసిందే విత్తుతాడట.

పంట నమ్మకం లేదు కాబట్టి ఇంట్లో ఇంకొక చేతి సంపాదన కావాలన్నాడు. గంగరత్నను హిందూపురం బస్సెక్కించాడు. బడి తెరిచిన రోజు ఆ పిల్ల బెంచీలో ఇంకెవరో కూర్చున్నారు.

మీరు జూన్లో వస్తానన్నారు. జూన్ అయిపోతోంది. ఎప్పుడు వస్తారో తెలిస్తే హెడ్మాస్టరుగారికి చెబుతాను.

నాగమణి


హిందూపురం,
19 జూలై 1999.

నాగమణీ,

నన్ను రూతమ్మగారని రాసినప్పుడే అర్థమైంది. నీకు కోపం రావాల్సిందే.

కుప్ప పోయించమన్నది నేను. నువ్వు రెండు ఉత్తరాలు రాశావు, రెండింట్లోనూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఏమీ ఎరగనట్టు మామిడిపండ్ల గురించి రాసి పంపాను. ఆ ఉత్తరం డబ్బాలో వేసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పండుకుంటే ఆ పిల్ల ముఖమే. అందుకే మా తమ్ముడు వద్దంటున్నా కర్ర పట్టుకుని రైలెక్కి ఇక్కడికి వచ్చాను. మా అక్క కూతురింట్లో దిగాను.

గంగరత్నను చూశాను. రైలుకట్ట అవతల మునెమ్మ ఇల్లు. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు పీటల ముందు కూర్చుని ఊదుబత్తీలు చుడుతున్నారు. ఈ పిల్లకు మోచేతుల దాకా నల్లపొడి. నన్ను చూసి లేచి నిలబడింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక దాచుకుంది. మునెమ్మ చెడ్డ మనిషి కాదు. పిల్లకు కడుపునిండా పెడుతుంది. నాకు కాఫీ ఇచ్చింది.

ఎలా ఉన్నావని అడిగాను. బాగుండానంది. నీ మీద కోపం లేదంది. కాసేపు కింద చూస్తూ కూర్చుని, చివరికి అంది. ఆ మాట నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నేను చెప్పకుండా ఉండల్సింది టీచర్. సూసినోళ్ళందరూ గమ్మునుండిరి. వాళ్ళంతా ఇప్పుడు ఇస్కూలుకు పోతాండారు."

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు నాది. ప్రభువును తలుచుకున్నాను, ఆయనా ఏమీ అందివ్వలేదు. తల నిమిరి వచ్చేశాను.

ఇంకొకటి కూడా దాచాను. మోకాలు ఇంక మడవదట. మే నెలలోనే రిటైర్మెంటుకు కాగితం ఇచ్చేశాను. నీకు చెబితే క్యాంపు ఆరోజే మూసేస్తావని చెప్పలేదు. ఇప్పుడనిపిస్తుంది, మూసేసి ఉన్నా బాగుండేదేమో.

నేను ఏమీ చేయలేను నాగమణీ. నువ్వే చేయాలి. ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు. సలహా ఇచ్చే ధైర్యం కూడా పోయింది.

రూతక్క


పెనుకొండ,
19 సెప్టెంబరు 1999.

అక్కా,

రెండు నెలలు రాయలేదు. కుప్ప పోయించమన్నది మీరన్న సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. మీరు ఇంక రారని తెలిశాక మాత్రం ఒళ్ళు మండింది. ఒక్కదాన్ని ఈ బడిలో వదిలేసి మీరు దర్జాగా కాగితం ఇచ్చేశారా అని. ఇప్పుడు ఆ కోపానికి కూడా ఓపిక లేదు.

పదో తరగతి పరీక్షకు పేర్లు నవంబరు నెలాఖరులోగా పంపాలి. బడికి రాని పిల్ల పేరు పంపేది లేదని హెడ్మాస్టరుగారు ఖరాఖండిగా చెప్పేశారు. ఈ ఏడు పేరు పోతే గంగరత్న మళ్ళీ బడి గడప తొక్కదు. అలా పోయిన పిల్లల్ని మీరూ చూశారు, నేనూ చూశాను.

పోయిన ఆదివారం నాగప్ప చేనికి పోయాను. వానలు అంతంతమాత్రం. ఒక చెట్టు పూత అయిపోయి, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగుతుంటే, పక్క చెట్టు ఇప్పుడిప్పుడే పూస్తోంది. చేను చూస్తుంటే సిగ్గేసింది. నాగప్ప నాతో మాట్లాడలేదు, గట్టు మీద కలుపు కోస్తూ ఉండిపోయాడు. పోదామని లేచేసరికి మాత్రం నోరు విప్పాడు. ముందు నాటు చెట్లు చూసి చూసి పెరకాలట, ఇరవై రోజులాగి కొత్తవి. రెండుసార్లు కూలోళ్ళను పెట్టే స్తోమత లేదు కాబట్టి దసరా అయినాక పిల్లను హిందూపురం నుంచి పిల్చుకొస్తాడట, పెరికేదానికి.

ఆ రెండు పెరుకుళ్ళ మధ్య రోజుల్లో బడికి పంపమని బతిమాలాను. అవుననలేదు, కాదనలేదు. కొడవలి నూరుకుంటూ పోయాడు.

నాగమణి


పెనుకొండ,
16 నవంబరు 1999.

అక్కకు,

గంగరత్న వచ్చింది. మొదటిసారి పెరికింది అయ్యాక నాగప్పే పిల్లను గేటు దాకా తెచ్చి వదిలిపెట్టి, వెనక్కి చూడకుండా పోయాడు.

వచ్చిందని సంతోషపడ్డానా, రెండు రోజుల్లో ఆ సంతోషం ఇంకిపోయింది. పిల్ల మాట్లాడదు. ఇచ్చిన లెక్కలన్నీ చేస్తుంది. చేయి ఎత్తదు. ఒకరోజు నేను బోర్డు మీద కూడిక తప్పు చేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల కళ్ళు సరిగ్గా ఆ తప్పు మీదే ఉన్నాయి. నోరు మాత్రం కదల్లేదు. కావాలనే ఆగాను. తల దించుకుంది. అక్కా, మనం ఆ పిల్ల నుంచి బడి ఒక్కటే లాక్కోలేదు.

మొన్న ఆదివారం రెండోసారి పెరికారు. తెల్లారి లేచి నేనూ పోయాను. నా నడుము మీకు తెలుసు కదా, పది చెట్లు పెరికేసరికి గట్టు మీద కూలబడ్డాను. పెరికింది రెండోసారే అయినా, మొదట కంటికి ఆనని, కాయ ఇంకా మొలకెత్తని నాటు చెట్లు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. వచ్చే ఏటికి విత్తనం కావాలి కాబట్టి వాటిని నాగప్ప చెట్టు చెట్టూ తిప్పి చూసి వేరు కుప్ప పెడుతున్నాడు. ఆ మర్నాడు పిల్ల హిందూపురం పోవాలని ఈరక్క నాకు ముందే చెప్పింది. నేను అడగడానికి ఏమీ మిగల్లేదు. ఊరికే కూర్చుని చూస్తున్నాను.

నాగప్ప ఒక చెట్టు నాటు కుప్పలో వేశాడు. గంగరత్న చూసింది. నా క్లాసులో చూసినట్టే చూసి, తల దించుకుని పనిలో పడింది. నాగప్ప కూడా ఆ చూపు కనిపెట్టాడు. చేతిలో చెట్టు కింద పెట్టేశాడు.

"ఏమ్మే, తప్పుండాదా?"

పిల్ల ఇంకో చెట్టు పెరికింది.

"ఆ పొద్దు అంతమందిలో చెప్పినావు గదా. ఇప్పుడేమాయ నోటికి?"

"చెప్పినందుకే గదా నాయనా" అంది. అంతే.

నాగప్ప పిల్ల వైపు కాకుండా చేను వైపు చూస్తూ చెప్పాడు.

"నువ్వు చెప్పకపోయింటే నాకేం తెలుసు? అంతా ఒకటే అనుకుని ఒకేసారి పెరికేసి సగం పంట మట్టిలో పోగొట్టుకుంటాంటి. ఈ పొద్దు ఇంటికి పోయే కాయలు నువ్వు నోరు తెరిచినందుకే పోతాండాయి. నేనే ఎర్రోని మాదిరి నిన్ను బస్సెక్కించినా."

ఈరక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను ముఖం తిప్పుకున్నాను. ఇంత మాట నాకు ఆ పిల్లతో చెప్పాలని ఆర్నెల్లుగా తోచలేదు. మీకూ తోచలేదు.

పిల్ల లేచి, నాటు కుప్పలోంచి ఆ చెట్టు తీసి, కాయ ఒకటి పగలగొట్టి నాయన ముందు పెట్టింది. మూడు గింజలు. "ఇది కొత్తది" అంది. నాగప్ప దాన్ని పక్కకు విసిరేశాడు. విత్తనం ఏరే పని మార్చి దాకా ఉంటుందనీ, దానికి ఈ పిల్ల కళ్ళే కావాలనీ, పొద్దున ఇస్కూలు, మాపున విత్తనం అనీ ఈరక్కతో అన్నాడు. నాతో కాదు. నాతో ఆయన ఇంకా సరిగా మాట్లాడడు. పరీక్షలు అయ్యేదీ మార్చిలోనే అని నేను ఎవరికీ గుర్తు చేయలేదు.

నిన్న సోమవారం పేర్ల కాగితంలో గంగరత్న పేరు రాయించాను. ఆ తర్వాత గంటలో బీజగణితం చెబుతూ ఒక గుర్తు తప్పు వేశాను. పరీక్షించడానికి కాదు, నిజంగానే అలసట. కింద ఇంకో రెండు వరుసలు కూడా రాసుకుంటూ పోయాను. వెనక బెంచీ నుంచి, "టీచర్, ఆడ మైనస్ రావల్ల" అని వినిపించింది. గంగరత్న గొంతు. నేను వెనక్కి తిరగలేదు. బోర్డు వైపే ముఖం పెట్టుకుని, కన్నీళ్ళు ఆగేదాకా ఆ మూడు వరుసలూ నెమ్మదిగా తుడిచాను.

మీ
నాగమణి